పసిరిక పాము నామచరిత్ర

పల్లెటూళ్ళలో పెరిగినవారికి పసిరిక పామును ప్రత్యేకముగా పరిచయము చేయనక్కరలేదు. బీరపాదులో కాయ కోయుటకై చేయి చాచినప్పుడు, తీగయని తలచినది తీగ కాక, రెండు మూరల పొడవున సన్నగా, పచ్చగా సాగి, గాలికి ఆకులెట్లు ఊగునో అట్లే తానును ఊగుచు, మొనదేలిన ముట్టెను మన వంకకు త్రిప్పి రెప్పలేని కన్నులతో నిశ్చలముగా చూచు ఆ ప్రాణిని కనుగొని ఉలికిపడని వారరుదు. మా నాయనమ్మ పెరటిలో మునగచెట్టు క్రిందికి మేము పరుగెత్తినప్పుడెల్ల, "ఒరేయ్, చెట్టు కింద నిలబడి పైకి చూడకండిరా, పసిరిక కళ్ళు పొడుస్తుంది" అని కేక వేసెడిది. ఆ కేకలో రెండు మాటలున్నవి. ఒకటి ఆ పాము పేరు. రెండవది ఆ పాముపై మోపబడిన నేరము. పేరు అచ్చముగా తెలుగువారిది. నేరము దక్షిణాపథమంతటను, సముద్రమునకావల సింహళద్వీపమునను వ్యాపించినది. ఈ రెండింటిలో శాస్త్రగ్రంథములలో చిరస్థాయిగా నిలిచినది పేరు కాదు, నేరమే. అది ఎట్లు జరిగెనో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

పసరు, పసిమి, పచ్చ, పచ్చిక అను మాటల కుటుంబములోనిదే పసిరిక. ఆ పేరు పెట్టినవారు చూచినది రంగును మాత్రమే. కరచునో కరువదో, మంచిదో చెడ్డదో వారు పేరులో చెప్పలేదు. లేత అరటియాకు వంటి వన్నె, దేహమునకిరువైపుల అంచుగా సాగు సన్నని తెల్లని లేదా పసుపు గీత, కలము మొనవలె కూచియైన ముట్టె, కొరడావలె క్రమముగా సన్నగిల్లి పోవు తోక: ఇంతటి రూపవిశేషములలో పచ్చదనమొక్కటియే పేరునకు చాలునని తలచిన ఆ పూర్వులెవరో కాని, వారి దృష్టి నిర్మలమైనదని నేననుకొందును.

ఈ పాము చెందిన ప్రజాతికి నేటి జంతుశాస్త్రమున ‘అహేతుల్ల’ అని పేరు. భారతదేశము, సింహళము మొదలుకొని బర్మా, చైనా దక్షిణభాగము, మలయా, జావా, ఫిలిప్పీను ద్వీపముల వరకు ఉష్ణమండలపు చెట్లపైనను పొదలపైనను వసించు తీగపాములన్నియు ఈ ప్రజాతిలోనివే. తొండలు, బల్లులు, కప్పలు, చిన్న పిట్టలు వీని యాహారము. పై దవడ వెనుకభాగమున గాడి కలిగిన పండ్లుండి, వానినుండి స్వల్పమైన విషము వెడలును. తొండను నిశ్చేష్టము చేయుటకు అది చాలును గాని, మనుష్యునకు వాపును, నొప్పిని కలిగించుటయే గాని ప్రాణహాని చేయదు. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనుట వీని మరియొక విశేషము. లండన్ జంతుప్రదర్శనశాలలో 1885 ఆగస్టు మొదలు ఏకాకిగా నుంచబడిన ఆడుపాము ఒకటి 1888 ఆగస్టులో పిల్లలను కన్నదను వార్త ఆనాటి పండితులకు మిక్కిలి ఆశ్చర్యమును గొల్పినది.

మన ప్రాచీనులు ఇట్టి పామును ఎరుగుదురా యని యడిగినచో, సుశ్రుతసంహితలోని కల్పస్థానమును చూడవలెను. అందు సర్పములు 80 విధములని చెప్పి, దర్వీకరములు, మండలులు, రాజిమంతములు, నిర్విషములు, వైకరంజములు అని వానిని ఐదు తెగలుగా విభజించియున్నారు. పడగ గలవి మొదటి తెగ, వలయముల మచ్చలు గలవి రెండవది, చారలు గలవి మూడవది. నాలుగవదగు నిర్విషముల పట్టికలో అజగరముతో పాటు ‘శుకపత్రము’ అను పేరొకటి, ‘వృక్షేశయము’ అను పేరొకటి కానవచ్చును. శుకపత్రమనగా చిలుక రెక్క. వృక్షేశయమనగా చెట్టుపై శయనించునది. చిలుక రెక్క వన్నె గల పాము మన దేశమున మరియేది కలదని ఆలోచించినప్పుడెల్ల నా కన్నులకు పసిరికయే గోచరించును. వైద్యులు దానిని విషము లేని తెగలో చేర్చిరి. కాని వైద్యుని గ్రంథము వైద్యుని యింటనే నిలిచిపోయి, లోకమున వదంతి మాత్రము స్వేచ్ఛగా సంచరించెను.

ఆ వదంతి మిక్కిలి బలపడినది సింహళమున. సింహళ భాషలో ‘అహేతుల్ల’ అనగా కన్ను పెరుకునది. తమిళులు దీనిని ‘కణ్‌కొత్తి పాంబు’ అందురు. కన్ను పొడుచు పామని యర్థము. మనుష్యుని ఎత్తున కొమ్మపై నుండి, ముఖమునకెదురుగా ముట్టె సాచి నిలుచు పామును చూచిన వారికి అట్టి భయము కలుగుట వింతకాదు. ఆ ద్వీపమున పోర్చుగీసులును, వారి వెనుక డచ్చివారును కోటలు కట్టుకొని, దాల్చినచెక్కతో పాటు ఆకులను, గవ్వలను, పాములను, వాని దేశీయ నామములను గూడ సేకరించి హాలండునకు పంపిరి. సారాయి సీసాలలో పడి లైడెన్ నగరము చేరిన ఆ పాములు నిర్జీవములైనను, వాని వెంట పోయిన పేర్లు మాత్రము సజీవములై, ఎవ్వరును తలపని త్రోవలు త్రొక్కెను.

ఇచ్చట ఒక ఉపకథ చెప్పక తప్పదు. సింహళమున సన్నని పచ్చపామునకు ‘హెనకందయ’ అని మరియొక పేరు కలదు. మెరుపు వంటి కాడయని దాని యర్థము. 1693లో ఆంగ్ల ప్రకృతిశాస్త్రవేత్త జాన్ రే ప్రకటించిన గ్రంథమున, లైడెన్ సంగ్రహాలయపు పాముల పట్టికలో ‘అనకందయ’ యను పేరును, అది ఎనుబోతుల అవయవములను నలిపివేయు సింహళపు పామను వివరణమును కనిపించును. సీసాల మీది చీటీలు తారుమారైనవో, చెప్పినవారు పొరపడిరో, చిటికెన వ్రేలంత లావు లేని పాము పేరు ఎనుబోతులను చంపు కొండచిలువకు తగిలినది. 1768లో స్కాట్స్ మ్యాగజైన్ అను పత్రిక, సింహళమున అనకొండ పులిని చుట్టి చంపుటను కన్నులార చూచినట్లు ఒక కథను ప్రకటించి ఆ పేరును ఇంటింటికి చేర్చెను. పిదప ఆ పేరు సముద్రములు దాటి దక్షిణ అమెరికాలోని మహాసర్పమునకు స్థిరపడి, నేడు లోకమంతయు ‘అనకొండ’ యనినచో అమెజాన్ నదినే తలచుకొనుచున్నది. తమిళమున ఏనుగును చంపునదను అర్థము వచ్చు మాటనుండి ఈ పేరు పుట్టెనని వాదించినవారును కలరు. అయినను నిఘంటుకర్తలు నేడు ఎక్కువగా అంగీకరించునది సింహళపు హెనకందయనే. ఈ భూమండలమున బరువునందు అన్నింటిని మించిన పాము, అన్నింటికంటె సన్నని పాములలో నొకదాని పేరును ధరించియున్నదనుట నామచరిత్రలో అపూర్వమైన విషయము.

1758లో లిన్నేయసు తన మహాగ్రంథపు పదియవ ముద్రణమున సన్నని చెట్టుపాములలో ఒకదానికి ‘కొలుబెర్ అహేతుల్ల’ అనియు, మరియొకదానికి ‘కొలుబెర్ మిక్టెరిజన్స్’ అనియు పేర్లు పెట్టెను. మొదటిది సింహళపు నేరారోపణము. రెండవది గ్రీకు మాట. ముక్కు ఎగబెట్టి ఎగతాళి చేయునది యని దాని యర్థము. పిమ్మట ఫ్రెంచి పండితులు పెట్టిన ‘నసూత’ అను పేరునకు పెద్దముక్కుదని యర్థము. ఈ మహనీయులలో ఒక్కరును ఈ పామును కొమ్మపై ప్రాణముతో చూచినవారు కారు. సారాయిలో పడిన పచ్చపాము కొలది దినములలో నీలిరంగునకు మారిపోవును. పసిమి పోయిన పిదప మిగులునది ముక్కే గదా!

ఇట్టి సమయమున పసిరిక కథ మన తీరమునకు వచ్చినది. స్కాట్లండు దేశపు ఎడింబరో నగరవాసియైన వైద్యుడు పాట్రిక్ రస్సెల్, సిరియాలోని అలెప్పో నగరమున అనేక సంవత్సరములు ప్లేగువ్యాధితో పోరాడి పేరు గడించి, తన సోదరుడు క్లాడ్ రస్సెల్ కుంఫిణీ కొలువున విశాఖపట్టణమునకు అధికారియై వచ్చుచుండగా, 1781లో ఆయనతో కూడ ఓడ నెక్కెను. అప్పటికాయన యాబది యేండ్లు దాటినవాడు. విశ్రాంతి గోరవలసిన వయస్సున ఆయన ఆ కొండల నడుమ, ఆ సముద్రపుటొడ్డున, మొక్కలను, చేపలను, పాములను పోగుచేయ నారంభించెను. 1785లో కుంఫిణీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడైన కోయెనిగ్ మరణింపగా, ఆ పదవి రస్సెల్‌కు లభించినది. ఆ కాలమున తెల్లవారి బంగళాలలోను, సిపాయిల పటాలములలోను పాముకాటు గొప్ప భయకారణము. ఏ పాము చంపును, ఏది చంపదు? ఏ మందు నిజమైనది, ఏది మోసము? ఈ ప్రశ్నలకు గ్రంథములలో సమాధానము లేదు.

రస్సెల్ పద్ధతి మిక్కిలి సరళమైనది, మిక్కిలి శ్రమతో కూడినది. పాములను తెచ్చువారివద్ద తీసికొని, ముందుగా దవడ తెరచి కోరలను పరీక్షించి, కోడిని గాని కుక్కను గాని కరిపించి, గడియారము చూచుచు నిమిషములు లెక్కించి, ఫలితమును వ్రాసికొనుట. ఆ మూగప్రాణుల బాధను తలచుకొన్నప్పుడు మనస్సు కలుక్కుమనును. అయినను ఆ పరీక్షల వలననే మన దేశపు పాములలో విషము గలవి కొన్ని మాత్రమేననియు, మిగిలిన సర్పజాతి యంతయు నిరపరాధియే ననియు మొదటిసారిగా లెక్క ప్రకారము తేలినది. పొలుసుల లెక్కను బట్టి విషసర్పమును గుర్తింపవచ్చునను పాత తలంపును విడిచి, కోరలను చూడవలెనని ఆయన నొక్కి చెప్పెను. తంజావూరు మాత్రలని ప్రసిద్ధి గాంచిన మందును గూడ ఆయన పరీక్షకు పెట్టెను. విషసర్పములను గుర్తించు పద్ధతిని గూర్చి ఆయన వ్రాసిన పత్రమును మద్రాసు ప్రభుత్వము 1787లో అచ్చొత్తించి పంచిపెట్టెను.

రస్సెల్ 1789లో స్వదేశమునకు మరలిపోయెను. ఆయన వెనుక సామర్లకోటలో తోటలు పెంచుచుండిన విలియం రాక్స్‌బర్గ్ ఆ పదవిని స్వీకరించెను. కోరమాండలు తీరమున సేకరించిన భారతీయ సర్పములను గూర్చిన రస్సెల్ మహాగ్రంథము 1796లో కుంఫిణీవారి యాజ్ఞపై లండన్‌లో, రంగులు దిద్దిన పటములతో వెలువడినది. నేను గుర్తుంచుకొనవలెనని తెలుగు పాఠకులను వేడుకొను విషయమిదియే: ఆ గ్రంథమున పటముల క్రింద ఆయన వ్రాసినవి లాటిన్ పేర్లు కావు, తెలుగు పేర్లు. పాములు తెచ్చిన విశాఖపట్టణపు సీమవారు ఏమని పిలిచిరో దానినే ఆయన చెవితో విని రోమక లిపిలో వ్రాసికొనెను. నేడు రక్తపింజరి యని మనమెరిగిన, లోకమున రస్సెల్ పేరుతోనే ప్రసిద్ధమైన భయంకరసర్పము ఆ పటములలో ‘కాటుక రేకుల పొడ’గా నున్నది. ఎంత చక్కని పేరు! వెన్నుపొడవునా కాటుక దిద్దిన రేకుల వంటి మచ్చలను చూచి ఆ మాటను కల్పించిన జనుల భాషాశక్తికి చేయెత్తి మ్రొక్కవలెను. పసుపు పట్టెల కట్లపాము ‘బంగారు పాము’గా నున్నది. మన పచ్చపాము ‘పసిరిక పాము’గానే, ‘పస్సెరికీ’ యను వికృతోచ్చారణముతో, లండన్ నగరపు అచ్చుయంత్రము నెక్కినది.

1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల ప్రజాతికి పేరు పెట్టవలసివచ్చి, రస్సెల్ గ్రంథములోని బంగారు పామును గైకొని ‘బుంగారుస్’ అనెను. తెలుగు మాట అట్లు శాస్త్రలోకమున శాశ్వతపీఠము నెక్కి, నేటికిని ఆసియా ఖండపు కట్లపాములన్నింటికి కులనామమై వెలుగుచున్నది. పసిరికకును అట్టి యోగము పట్టబోయి తప్పిపోయినది. 1825లో బ్రిటిషు మ్యూజియమువాడైన జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ తీగపాములకు ‘పస్సెరీత’ యను ప్రజాతినామమును కల్పించెను. లాటిన్ భాషలో ‘పస్సెర్’ అనగా పిచ్చుక. ఈ పామునకు పిచ్చుక పేరు పెట్టుటకు కారణమేమియు నాకు తోచదు. రస్సెల్ పటము క్రింది ‘పస్సెరికీ’ని చూచియే గ్రే ఆ మాటను మలచియుండునని, ఆ రెండు మాటల పోలికను బట్టి, నా ఊహ. 1864లో ఆల్బర్ట్ గుంథర్ బ్రిటిషిండియా సర్పములను గూర్చి వ్రాసిన గ్రంథమునను ఈ పాము పస్సెరీతగానే యున్నది. ఆ ఊహ నిజమైనచో, దాదాపు నలువది యేండ్లు పసిరిక శబ్దము ప్రపంచ శాస్త్రజ్ఞుల నాలుకలపై నిలిచియుండెను.

తరువాత అది చెదరిపోయినది. 1890లో బూలెంజర్ బ్రిటిషిండియా జంతుజాల గ్రంథమున, ‘చెట్టుపాము’ అను అర్థము గల ‘డ్రయోఫిస్’ అను గ్రీకు పేరునకు పట్టము గట్టెను. సింహళపు అహేతుల్లయో, అప్పటికి వేరొక తావున తిరుగుచున్నది. 1807లోనే జర్మను పండితుడు లింక్ దానిని ప్రజాతినామముగా చేసియుండెను గాని, అది ఏ పాములకు చెందవలెనో తేలక, కంచువన్నె వెన్ను గల మరియొక తెగ చెట్టుపాములకు పలువురు దానిని వాడుచు వచ్చిరి. ఆ తెగలోనిదే, కాటు వేసిన పిమ్మట చెట్టెక్కి కూర్చుండి, చనిపోయినవాని చితి నుండి లేచు పొగను చూచునని తమిళనాడున భయపడు ‘కొంబేరి మూక్కన్’. అదియు విషము లేనిదే. మాల్కం స్మిత్ 1943లో వ్రాసిన ప్రామాణిక గ్రంథమున గూడ అహేతుల్ల యనగా ఆ కంచువెన్ను పాములే. 1952లో జే సావేజ్ అను అమెరికా పండితుడు ఈ పేరు చుట్టును రెండు శతాబ్దములుగా పెనవేసికొనిన గందరగోళమును విప్పుచు ఒక వ్యాసము వ్రాయవలసివచ్చెను. దానివలన చిక్కు వీడి, అహేతుల్ల తీగపాముల పేరుగా స్థిరపడినది. తీర్పు న్యాయసమ్మతమే, ముందు పుట్టిన పేరునకే అధికారమను నియమమును పాటింపక తప్పదు. కాని ఆ తీర్పుతో కన్నులు పెరుకునదను అపవాదు ఈ సాధుప్రాణికి శాశ్వతనామమై కూర్చున్నది.

కన్నుల ప్రస్తావన వచ్చినది కావున ఒక మాట. ఈ పాము విశేషమంతయు దాని కన్నులలోనే యున్నది. పెరుకుటలో కాదు, చూచుటలో. పాములలో చాలవాటి కంటిపాప గుండ్రముగానో నిలువుగానో యుండగా, దీని కంటిపాప అడ్డముగా తాళపుచెవి రంధ్రమువలె నుండును. కన్నునుండి ముట్టె కొనవరకు సన్నని గాడి యొకటి సాగి, చూపునకు అడ్డము లేకుండ చేయును. అందువలన రెండు కన్నులతోను ఒకే వస్తువును చూచి దూరమును కొలుచుకొను శక్తి, ఇతర పాములకు అరుదైనది, దీనికి లభించినది. ఆకు నడుమ కదలక నిలిచిన తొండ ఎంత దూరమున నున్నదో గ్రహించి, గురి తప్పక పట్టుకొనుటకే ఈ యేర్పాటు. మన ముఖము నెదుట నిలిచి అది చూచునది మనలను అంచనా వేయుటకే. తప్పుకొనుటకు దారి లేక బెదరినప్పుడు నోరు తెరచి, మెడ ఉబ్బించి, పొలుసుల నడుమ నున్న నలుపు తెలుపుల మచ్చలను చూపి, చివరకు ముందునకు విసరును. ముఖము దగ్గరగా నుండిన ఆ విసరు ముఖమున తగులవచ్చును. నేరమంతయు ఇంతమాత్రమే.

తమిళ గ్రామములలో దీనిని గూర్చి మరియొక మృదువైన నమ్మకము గలదు. పచ్చపామును చేతితో మెల్లగా నిమిరిన స్త్రీకి వంట రుచి అబ్బునట. కన్ను పొడుచునని వెరచిన జనులే చేతికి రుచినిచ్చునని నిమురుటకు సాహసించిరి. ఒరిస్సాలోని జనులైతే దీని సోదరజాతిని ‘లౌడంక’ యందురు. సొరతీగ కాడయని యర్థము. 2019లో ఆ ప్రాంతపు గోధుమవన్నె తీగపామును కొత్త జాతిగా గుర్తించిన పండితులు ఆ యొడియా మాటనే గ్రహించి ‘లౌడంకియా’ అని నామకరణము చేసిరి. పల్లెవాసుల చూపునకు దక్కిన ఆ గౌరవమును విని నేను మనసార సంతసించితిని. వెనువెంటనే మన పసిరిక జ్ఞప్తికి వచ్చినది.

ఆ సంవత్సరముననే పడమటి కనుమల దక్షిణాగ్రమునందలి అగస్త్యమలై యడవులలో ఈ తీగపాములకు అతిపురాతన జ్ఞాతి యొకటి బయల్పడినది. దాని వంశము రెండు కోట్ల అరువది లక్షల సంవత్సరముల క్రిందటనే వేరుపడినదని బెంగుళూరు శాస్త్రజ్ఞులు లెక్కించి, ‘ప్రోఅహేతుల్ల’ యను కొత్త ప్రజాతిని నెలకొల్పిరి. 2020లో వారే, రెండువందల యేండ్లుగా ‘నసూత’ యను ఒకే పేరుతో వ్యవహరింపబడిన పచ్చని తీగపాములు నిజమునకు పలు జాతులని నిరూపించిరి. నసూత సింహళమునకే పరిమితము; పడమటి కనుమలలో కొండకొండకు వేర్వేరు జాతులు; దక్షిణాపథపు మైదానముల పచ్చపాము వీనన్నింటికంటె వేరైనది. ఈ చివరిదానికి 1825లో థామస్ బెల్ పెట్టి, మరుగుపడిన ‘ఆక్సిరింక’ యను పేరు మరల వాడుకకు వచ్చినది. దానికి ‘వాడిముక్కుది’ యని యర్థము. మన మునగచెట్టుపై నాయనమ్మ చూచినది ఈ మైదానపు పామే. నేటి శాస్త్రనామమున దానికి దక్కినవి కన్నును ముక్కును గాని, వన్నె గాదు.

శాస్త్రనామములను మార్చు అధికారము మనకు లేదు, అవసరమును లేదు. కాని పిల్లల పాఠ్యపుస్తకములు వ్రాయువారికిని, పత్రికలవారికిని, జంతుప్రదర్శనశాలలలో పలకలు వ్రాయించువారికిని నాదొక మనవి. పాశ్చాత్యుల గ్రంథమున 1796లోనే అచ్చుపడిన పేరు మనకున్నది. దానిని విడిచి ‘గ్రీన్ వైన్ స్నేక్’ అని తెలుగు లిపిలో వ్రాయకుడు. పటము క్రింద ‘పసిరిక పాము’ అని వ్రాయుడు. దాని ప్రక్కనే, ఇది కన్నులు పొడువదనియు, మనుష్యుని చంపు విషము దీనికి లేదనియు రెండు వాక్యములు చేర్చుడు.